మూత తీసిన గిన్నె

ప్రభువా, ఇవాళ కూటానికి రాలేదు నేను.
యనమదుర్రు గట్టు మీద కూర్చున్నాను.
నువ్వే రా.

కిలోన్నర రొయ్య తక్కువొచ్చిందట తూకంలో.
భోజనాల గంట కొట్టకముందే
వందమంది ఆడవాళ్ళం షెడ్డు గుమ్మంలో వరస కట్టాం,
ఐసులో నాని తెల్లబడ్డ వేళ్ళతో, జుట్టుకి నీలం టోపీలతో.
‘ఏయ్ నూట పద్నాలుగూ, ఇటు రా’ అన్నాడు సూపర్‌వైజరు.
మా శామ్యూలంత వయసు కూడా లేదు వాడికి.
నా గిన్నె మూత తీశాడు,
వాసన చూశాడు,
బోర్లించాడు.

ఏముంటుంది?
నూకలన్నం. నిన్నటి గోంగూర. ఓ పచ్చిమిరపకాయ.
రోజుకి పాతిక కిలోలు ఒలిచే దాని గిన్నెలో
రొయ్య పొట్టు కూడా ఉండదని వందమందికీ తెలిసింది.
దొంగని కాదని తేలినందుకు సంతోషించాలా,
అన్నం గుట్టు బయటపడినందుకు చచ్చిపోవాలా
తెలీక నిలబడ్డాను.
వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.
‘సర్లే, ఊడ్చెయ్’ అన్నాడు వాడు.

అప్పుడు సూసన్నమ్మ వైపు చూశాను.
పదకొండేళ్ళుగా ఒకే బల్ల, ఒకే వ్యాను, ఒకే మందిరం.
క్లోరిన్ నీళ్ళ తొట్టి దగ్గర
కడిగిన చేతులే మళ్ళీ కడుక్కుంటోంది.
దాన్నేమీ అనకు ప్రభువా,
దానికీ ముగ్గురు పిల్లలు.

మోకాళ్ళ మీద కూర్చున్నాను.
భక్తి అనుకునేవు,
నేల మీద అన్నం ఎత్తాలంటే అలాగే కూర్చోవాలి.
కానీ మోకాళ్ళకేం తెలుసు,
వంగితే చాలు ప్రార్థనే అనుకుంటాయి.
నలభై ఏళ్ళ అలవాటు.
నా నోరు నాకు చెప్పకుండానే
‘ఈ పూట తిండికి స్తోత్రం తండ్రీ’ అంది.
పైకే అంది.
మోటార్లు ఆగినట్టయింది షెడ్డులో.
గచ్చు తడి అంటని పైమెతుకులు ఏరుకుని
వాళ్ళందరి ముందే తిన్నాను.
నాలుగు ముద్దలు. నెమ్మదిగా.
నువ్వు వడ్డించినట్టే ఉంది.
బల్లా లేదు, గిన్నె నిండి పొర్లనూ లేదు,
ఎదురుగా మాత్రం వాళ్ళున్నారు.

ఏడుపు ఇక్కడికొచ్చాక వచ్చింది.

పాస్టరుగారు చెప్తారు, నీ మొహం మీదా ఉమ్మేశారని.
తెలుసు. ఆదివారం బడిలో ఆ బొమ్మకి రంగులేశాను.
ఉమ్ముకి ఏ రంగు వెయ్యాలని అడిగితే
‘ఏం వద్దు, వదిలెయ్’ అంది టీచరు.
నిజమే, దానికి రంగుండదు.
వేడి ఉంటుంది.
చెవుల దాకా పాకుతుంది.

వాణ్ణి క్షమించమని అడక్కు ఇవాళ.
రేపడుగు. కాదంటే ఎల్లుండి అడుగు.
అడగడం మాత్రం మానకు.

నాకు కెజియ అని పెట్టాడు మా నాన్న,
అంతా పోగొట్టుకున్నాక యోబుకి పుట్టిన కూతురి పేరు.
కాలవ పూడిక తీసే కూలి ఆయన,
తట్ట నెత్తిన ఉండగానే చెప్పేవాడు ఆ కథ.
మరి ముందు చచ్చిపోయిన పిల్లల సంగతేంటి నాన్నా అంటే
జవాబు చెప్పకుండా గట్టెక్కేవాడు.
బళ్ళో నోరు తిరక్క కేజమ్మ అన్నారు,
కంపెనీలో నూట పద్నాలుగన్నారు.
నువ్వేమని పిలుస్తావో విందామని కూర్చున్నాను.

కొంగలు కొల్లేరు వైపు వెళ్ళిపోయాయి.
ఆటు పోటుకి గుర్రపుడెక్క కాస్త జరిగింది.
అంతకు మించి ఏమీ వినపడలేదు.
లేచేసరికి గుండె తేలికపడిందని అబద్ధం చెప్పను,
నడుం మాత్రం నిటారుగా ఉంది.
అది నీ పనే అయ్యుండాలి,
నాకంత ఓపిక లేదు.

తెల్లారి అయిదింటికి వ్యాను.
గిన్నె తోమి పెట్టాను.
రేపూ నూకలన్నమే, అదే గోంగూర.
మూత మాత్రం బిగించను.